చెవి వెనక చప్పుడు

జూన్ చివరి వారం

మొదట ఆ చప్పుడు రికార్డింగులో ఉందనుకున్నాను.

అప్పట్లో నేను మారేడ్‌పల్లిలో ఒక పాత బంగళా మేడ మీద మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేసేదాన్ని. ఊళ్లో ఏ సందు మొదట్లో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు తెల్లారేసరికి మా దగ్గరికి వచ్చి ఉండేవి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చెయ్యాలి. ఉదయం ఏడు నుంచి మూడు దాకా నా షిఫ్టు. 'లలితది పాము చెవి' అని ఆఫీసులో నాకు పేరు. గొణిగే డాక్టర్లవీ, ఏదో నములుతూ మాట్లాడే డాక్టర్లవీ నాకే పంపేవారు.

ఆ రోజు ఒక ముసలి డాక్టరు గొంతు వెనక సన్నగా రంపం కోస్తున్నట్టు వినిపించింది. సుయ్, సుయ్, సుయ్ అని, ఒకే తూగులో. ఆయన గదిలో ఫ్యాను కాబోలు అనుకున్నాను. తరువాతి ఫైలు వేరే ఊరి డాక్టరమ్మది. ఆమె మాటల వెనక కూడా అదే రంపం. మూడో ఫైల్లోనూ ఉంది. పక్కసీటు స్వరూపను పిలిచి హెడ్‌ఫోన్లు చేతికిచ్చాను. స్వరూప బొల్లారం పిల్ల, నాకన్నా ఆరేడేళ్లు చిన్నది.

కాసేపు విని తీసేసింది. "సాఫే ఉంది కదక్కా."

"మాటల వెనకాల విను. రంపం కోసినట్టు లేదూ?"

"ఏం లేదక్కా. పొద్దుగాల ఏమన్న తిన్నవా లేదా? జెర నీళ్లు తాగి రాపో."

నీళ్లు తాగి వచ్చాను. చప్పుడు అలాగే ఉంది. ఆ రోజు నాలుగు ఫైళ్లకు రికార్డింగు బాగాలేదని రాసి పంపాను.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎప్పుడూ ఆదుకునే యూపీఎస్ కూడా ఒక్క కూత పెట్టి ఆగిపోయింది. హాల్లో నలభై మందిమి హెడ్‌ఫోన్లు తీసి బల్లల మీద పెట్టాం. ఏసీ లేదు, కీబోర్డుల టకటక లేదు. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో, నా కుడి చెవి వెనక, రంపం కోస్తూనే ఉంది.

నేను చుట్టూ చూశాను. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. కొందరు ఆవులిస్తున్నారు.

గాలి కోసం కిందికి దిగి, మళ్లీ మెట్లెక్కుతుంటే చప్పుడు జోరందుకుంది. మధ్యమెట్టు మీద ఆగాను. కాసేపటికి అదీ నెమ్మదించింది. నాలుగు మెట్లు గబగబా ఎక్కి చూశాను. మళ్లీ తరుముకొచ్చింది. వెనక ఎవరో నా అడుగులో అడుగు వేస్తూ ఎక్కి వస్తున్నట్టుంది. వెనక్కి తిరిగి చూశానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. ఎవరూ లేరు. అప్పుడు ఎందుకు తోచిందో గానీ, మణికట్టు మీద వేళ్లు పెట్టుకున్నాను. నాడి ఎగిరిన ప్రతిసారీ రంపం ఒక్కసారి కోసింది.

ఆగస్టు

మా ఇల్లు మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్లకు ఆనుకుని ఉన్న వీధిలో. ఇంట్లో నలుగురం. నేను, మావారు రమణ, ఏడేళ్ల మా అమ్మాయి హారిక, మా మావయ్యగారు. మావయ్యగారిది శ్రీకాకుళం దగ్గర పల్లె. రైల్వేలో చేరి సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. రమణ పుట్టింది, పెరిగింది ఈ వీధుల్లోనే. పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బిగించి అమ్మే షాపులో పని. ఆ రోజుల్లో ఎన్ని బిగించినా చాలేవి కావు, ఇంటికి వచ్చాక కూడా చేతిలో స్క్రూడ్రైవరే.

చెప్పగానే రమణ కొట్టిపారెయ్యలేదు. నన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. చెవిలో గుబిలి తీయించారు. తగ్గలేదు. వినికిడి పరీక్ష అన్నారు. గోడలకు దళసరి గుడ్డ కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, కూత వినపడ్డప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. తలుపు మూశారు. బయటి లోకం మొత్తం తెగిపోయింది. ఆ గదిలో నేనూ, అదీ మిగిలాం. అంత దగ్గరగా అది ఎప్పుడూ రాలేదు. బొత్తాం నొక్కాల్సిన వేలు దాని తూగుకే నొక్కడం మొదలుపెట్టింది. అద్దం అవతల అమ్మాయి చెయ్యి ఊపి పరీక్ష ఆపింది.

"మేడమ్, నేను ఇంకా ఏం పంపలేదు. మీరు దేనికి నొక్కుతున్నారు?"

రెండోసారి జాగ్రత్తగా నొక్కాను. రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయని కాగితం ఇచ్చారు. డాక్టరు ఆ కాగితం చూసి, హెడ్‌ఫోన్ల పని కదా, టెన్షన్ తగ్గించుకోమన్నారు.

ఇంట్లో నాకు సుఖంగా ఉండేది రైలు వెళ్లేటప్పుడే. పట్టాల మీద గూడ్సు బండి మోత మొదలైతే రంపం అందులో మునిగిపోయేది. పప్పు గిన్నె చేత్తో పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడిపోయేదాన్ని. బండి పొడుగ్గా ఉండాలని కోరుకునేదాన్ని. చివరి పెట్టె దాటిపోయి, మోత సన్నబడి, దాని కిందనుంచి నాది మళ్లీ తేలేది.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. కుడి చెవి వెనక, ఎముక కిందుగా బొటనవేలితో గట్టిగా నొక్కితే చప్పుడు సగానికి సగం తగ్గేది. ఊపిరి బిగపట్టి పొంచి ఉన్నట్టు ఉండేది. వేలు తీయగానే వదిలేది. రోజంతా నొక్కుకుని అక్కడ కమిలిపోయింది.

రాత్రుల సంగతి రాయను. అలాంటివి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు.

సెప్టెంబరు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హారిక నా పక్కన పడుకుంది. దాని తల నా తలకు ఆనించి ఏదో పద్యం వల్లె వేసుకుంటోంది. మధ్యలో ఆగిపోయింది. చాలాసేపు కదలలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అమ్మా," అంది మెల్లగా. "నీ తలలో ఎవరో ఊదుతున్నారు."

"ఎలా ఊదుతున్నారు?"

"పొయ్యి ఊదినట్టు. ఫూ, ఫూ అని. ఆగి ఆగి."

రమణ గుమ్మంలోనే ఉన్నారు. ఆయన ముఖం నల్లబడింది. పిల్లను లేపి ఇవతలికి తీసుకువెళ్లి, వంటింట్లోకి వచ్చి నాతో తగ్గుస్వరంలో అన్నారు.

"నీకుంటే ఉంది. పిల్ల బుర్రలోకి ఎక్కించకు."

"నేనేం చెప్పలేదండీ. అదే అంది."

"రోజూ నువ్వు చెవి నొక్కుకుని కూర్చోవడం అది చూట్లేదా? చిన్నపిల్ల. అమ్మ ఏమంటే అదీ అదే అంటుంది. ఇట్లయితే దానికి సుత పరేషాన్ అవుతుంది."

కోపం వచ్చినా, భయం వేసినా ఆయన నోట ఈ వీధి మాటే వస్తుంది. ఆ రోజు రెండూ ఉన్నాయి. మర్నాడు సైనిక్‌పురి నుంచి ఆడపడుచు వచ్చింది. కొన్నాళ్లు అక్కడ ఉండి, వాళ్ల పిల్లలతో కలిసి బడికి వెళ్తుందని హారిక బట్టలు సర్దింది. వదిన నాతో ఒక్క కటువు మాట అనలేదు. పైగా పిల్ల జడ వేస్తున్నంతసేపూ నా వైపు జాలిగా చూసింది. అదే భరించలేకపోయాను. నేను కాక ఆ చప్పుడు విన్న మనిషి ఈ లోకంలో ఒకతే ఉంది. దాన్ని ఆటో ఎక్కించి పంపేశారు.

ఆ వారంలోనే రమణ నన్ను మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన మంచి మనిషి, ఓపిగ్గా విన్నారు. ఎవరైనా మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందా, ఏదైనా చెయ్యమని చెబుతుందా అని అడిగారు. లేదన్నాను. ఆ మాట్లాడని తనమే నన్ను భయపెడుతోందని చెప్పలేకపోయాను. మాత్రలు రాశారు. వాటితో నాకు కాళ్లూ చేతులూ బరువెక్కేవి, మాట ముద్దగా వచ్చేది. అది మాత్రం ఎప్పట్లాగే చురుగ్గా ఉండేది.

పనిలో తప్పులు మొదలయ్యాయి. టైపు చేసిన కాగితంలో ఖాళీలు పెరిగిపోయాయి. దసరాకు ముందు టీం లీడర్ పిలిచి, ఒక నెల ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు. స్వరూప కిందిదాకా దిగబెట్టింది.

"ఎవ్వలేమన్నా పట్టించుకోకు అక్కా. నీ సీటు నేను ఎవ్వలకియ్యను," అంది.

అక్టోబరు

ఇల్లు ఖాళీగా ఉండేది. రమణ షాపుకు వెళ్లాక నేనూ మావయ్యగారూ. ఆయన వరండాలో పేపరు చదువుకునేవారు, నేను లోపల గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మా మధ్య మాటలు తక్కువ. కోడలితో అతిగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"లలితమ్మా, నీకా సప్పుడు ఎలగ వినపడతంది? ఒకమారు సెప్పు."

"రంపం కోసినట్టు మావయ్యా."

"అందరికీ అలగే సెప్పీవా?"

"అందరికీ అదే చెప్పాను."

"మరి మన గుంట, హారిక, పొయ్యి ఊదినట్టు అంది గదా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన గడపమీద కూర్చున్నారు.

"వారం రోజులుగా అదే ఆలోసిస్తన్నాను. నువ్వన్న మాట అది అప్పజెప్పుంటే రంపం అనే అనాల. అది ఊదడం అంది. అంటే నీది నువ్విన్నావు, దానిది అదిన్నాది." ఆగి, చేతిలో పేపరు వంక చూసుకున్నారు. "ముప్పయ్యారేళ్లు పెట్టెల కిందికి వంగి విన్న చెవమ్మా ఇది. ఒకటి పోయింది గానీ రెండోది బాగానే ఉంది. నువ్వేమీ అనుకోకపోతే, ఒకమారు వింటాను."

బండి స్టేషన్లో ఆగినప్పుడు పెట్టెల కిందికి వంగి, చక్రాల మీద సుత్తితో తట్టి, బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడైనా కారుతోందేమో విని చెప్పడం ఆయన చేసిన ఉద్యోగం. కానీ మావగారు కోడలి తలకు చెవి ఆనించడం మా ఇళ్లల్లో లేదు. ఆయనకూ ఆ ఇబ్బంది తెలుసు. పేపరును గొట్టంలా చుట్టారు. ఒక కొస నా చేతికిచ్చారు. నేను దాన్ని చెవి వెనక, కమిలిన చోట ఆనించుకున్నాను. రెండో కొసకు ఆయన తన మంచి చెవి పెట్టారు. కళ్లు మూసుకున్నారు.

ఎదురింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఆయన చెయ్యెత్తి నన్ను కదలొద్దన్నారు. ఉతుకు ఆగేదాకా ఆగారు.

చాలాసేపటికి తల ఎత్తారు. కళ్లనిండా నీళ్లున్నాయి.

"కారతందమ్మా," అన్నారు. "గొట్టంలో ఎక్కడో కారతంది. ఇది బుర్ర జబ్బు కాదు."

నేను ఏడవలేదు. గోడ పట్టుకుని కూర్చున్నాను. నేను ఒంటరిగా లేనన్న ఊరట ముందు వచ్చింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ ఇది నా భ్రమేమో అన్న ఆశ ఒక మూల ఉండేది. అది పోయింది. నా తలలో నిజంగానే ఏదో ఉంది.

ఆ సాయంత్రమే నన్ను వీధి చివర క్లినిక్కుకు తీసుకువెళ్లారు. రిటైరైన రైల్వే డాక్టరు నడిపే ఒంటిగది అది. బెంచీ మీద అరగంట కూర్చున్నాం. మావయ్యగారు నా తరఫున రెండే మాటలు చెప్పారు. డాక్టరు లేచి, స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో వెచ్చచేసి నా చెవి వెనక పెట్టారు. ముఖం మారలేదు. మెడ మీద, కణత మీద పెట్టి, మళ్లీ చెవి వెనకకే వచ్చారు.

"ఇన్నాళ్లలో ఎవరూ ఇక్కడ స్టెత్ పెట్టలేదా అమ్మా?"

"లేదండీ."

స్టెతస్కోపు తన చెవుల నుంచి తీసి నా చెవులకు పెట్టారు. బిళ్ల నా చెవి వెనకే ఉంది. మూడున్నర నెలలుగా లోపలి నుంచి వింటున్నదాన్ని మొదటిసారి బయటి నుంచి విన్నాను. హారిక చెప్పినట్టే ఉంది. ఎవరో ఊదుతున్నారు.

పెద్దాసుపత్రికి ఇచ్చిన ఉత్తరంలో ఆయన రాసిన ఇంగ్లిషు మాట తలకిందుగానే చదివాను. బ్రూయీ. నెత్తురు వెళ్లకూడని జోరుతో వెళ్లేటప్పుడు చేసే చప్పుడు. అమెరికా డాక్టర్లు ప్రతి రోగి గురించీ చెప్పేవారు, మెడలో బ్రూయీ లేదు అని. మూడేళ్లలో ఆ వాక్యం ఎన్ని వందలసార్లు టైపు చేశానో. అది ఎలా ఉంటుందో ఒక్కనాడూ తెలియదు.

నవంబరు

పెద్దాసుపత్రిలో మొదటి పరీక్షకు రమణ వచ్చారు. తండ్రి చెప్పినా ఆయనకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కాదనకుండా వచ్చారు, అంతే. చీకటి గదిలో బల్లమీద పడుకోబెట్టి, టెక్నీషియన్ నా చెవి వెనక చల్లటి జిగురు రాసి, పెన్నులాంటి పరికరం ఆనించాడు. స్పీకరు గుండీ తిప్పాడు.

గది మొత్తం నిండిపోయింది. గోడలకు తగిలి తిరిగి వస్తోంది. నాకు ఒక్కదానికే తెలిసిన చప్పుడు ఇప్పుడు అందరి మధ్యా నిలబడి ఉంది. నేను భయపడితే జోరందుకుంటోంది, అందరూ వింటుండగా. ఆ గదిలో నాకు దాపరికం అన్నది లేకుండా పోయింది.

రమణ కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి బయటికి వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి వరండాలో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నారు.

"ఎప్పుడూ అట్లనే ఉంటుందా?"

"ఊఁ."

"నిద్రలో కూడా?"

"నిద్రపోతే కదా."

ఆయన జేబులోంచి సెల్‌ఫోను తీశారు. కొత్తగా కొన్నది, అవసరమైతే తప్ప వాడేవారు కాదు. సైనిక్‌పురికి చేశారు. "అక్కా, ఈ రోజే హారికను తీసుకొచ్చెయ్," అన్నారు. అవతల ఏదో అడిగింది. "లేదక్కా. తప్పు నాదే. వచ్చాక చెప్తా."

నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అక్కతో అన్నది నేను విన్నాను. దానితో సరిపెట్టుకున్నాను.

రెండో పరీక్షలో తొడ దగ్గర సూది గుచ్చి, అందులోంచి సన్నని గొట్టాన్ని గుండె మీదుగా మెడదాకా పంపి మందు వదిలి ఫోటోలు తీశారు. మెలకువగానే ఉన్నాను. మింగొద్దు, కదలొద్దు అన్నారు. మందు వదిలినప్పుడు కుడివైపు ముఖమంతా వేడినీళ్లు పోసినట్టు అయింది, కన్ను వెనక తెల్లటి మెరుపులు వచ్చాయి. తెరమీద నల్లటి కొమ్మలు ఒక్కసారిగా లేచాయి. నా నెత్తురు వెళ్లే దారులు.

తరువాత పెద్ద డాక్టరు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పారు. "గుండె కొట్టిన నెత్తురు ధమనుల్లో జోరుగా వస్తుంది. పోనుపోను దారులు చీలి, వెంట్రుక కన్నా సన్నబడతాయి. అక్కడ జోరు చచ్చి, మెల్లగా, ఇవ్వాల్సింది ఇచ్చి, సిరల్లో చేరి గుండెకు తిరిగి వెళ్తుంది. మీకు చెవి వెనక, మెదడు మీది పొరలో, ధమనికీ సిరకూ మధ్య అడ్డదారి పడింది. జోరు తగ్గకుండానే నెత్తురు సిరలో పడుతోంది. మీరు వింటున్నది దాన్నే."

"అలగైతే సిర తట్టుకుంటాదా బాబూ?" అన్నారు మావయ్యగారు.

డాక్టరు ఆయన వంక చూశారు. "అదే మా భయం. కొంత నెత్తురు వెనక్కి, మెదడు వైపు ఎక్కుతోంది. ఏదో ఒకరోజు చిట్లొచ్చు. ఈలోగానే మూసేద్దాం. అదే గొట్టంలోంచి జిగురులాంటి మందు పంపి అడ్డదారి మూస్తాం. ఆ మందు ఇంకోచోటికి పోతే మాట పోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు. దాచకుండా చెబుతున్నాను."

ఎందువల్ల వచ్చిందని అడిగాను. చాలామందిలో కారణం దొరకదన్నారు.

డిసెంబరు

ఆసుపత్రిలో చేరిన రోజు పడక ఖాళీ అయ్యేదాకా వెయిటింగు హాల్లోనే ఉండాల్సి వచ్చింది. రమణ కాగితాల కోసం తిరుగుతున్నారు. నా పక్క కుర్చీలో మెదక్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, కొంగులో జొన్నరొట్టె కట్టుకుని కూర్చుంది.

"నీకేమైంది బిడ్డా?"

"తలలో చప్పుడమ్మా."

"సప్పుడా." ఆలోచించింది. "మా ఆయనకు సప్పుడే లేదు. పొలం కాడ పడ్డడు. పదకొండు దినాలాయె, నోరిప్పలే, కన్ను తెర్వలే. లోపల పండవెట్టిన్రు."

ఆమే రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది. "తిను. రేపట్నించి ఏం వెడ్తరో ఏమో. తిని జెరసేపు పండుకో. నీ పేరు పిలిస్తే నేను లేపుత."

ఆమె భుజానికి తల ఆనించి నిజంగానే నిద్రపోయాను. ఆరు నెలల్లో పగటిపూట పట్టిన నిద్ర అదొక్కటే. ఆమె లేపేసరికి రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటలూ ఆమె కదలకుండా కూర్చుంది.

మర్నాడు ఉదయం లోపలికి తీసుకువెళ్లేటప్పుడు మావయ్యగారు స్ట్రెచరు పక్కన నడిచారు. రమణ నా చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నారు, ఎందుకో ఆయనకే తెలియదు. హారికను తలుపు దాకానే రానిచ్చారు. మత్తు ఎక్కేముందు చివరిదాకా నాతో ఉన్నది ఆ చప్పుడే. దాని తూగు నెమ్మదించడం విన్నాను.

మెలకువ వచ్చేసరికి ఏమీ లేదు.

అది చెప్పడం కష్టం. చీకటి కాదు, నొప్పి కాదు. నా లోపల ఏ చప్పుడూ లేదు. ఆరు నెలలు కొట్టుకున్న ప్రతిసారీ చప్పుడు చేసిన నాడి ఇప్పుడు పలకడం లేదు. నేను పోయానని అనుకున్నాను. పోతే ఇలా ఉంటుంది కాబోలు, చెవి ఇంకా వెతుకుతూ ఉంటుంది కాబోలు అనుకున్నాను. చెయ్యి బరువుగా ఉంది. ఎలాగో రెండో చేతి మణికట్టు దాకా జరిపాను. వేళ్ల కింద నాడి కదిలింది. మూగగా, తన పని తాను చేసుకుంటోంది.

"ఏం కావాలి?" అంది నర్సు.

"ఇంకో మాట మాట్లాడండి," అన్నాను. చెవిటిదాన్నయ్యానేమో తేల్చుకోవాలి.

ఆమె నవ్వి, "మీ పేరు చెప్పండి, వేళ్లు కదిలించండి," అంది. పేరు చెప్పాను. మాట పోలేదు.

మూడో రోజు వార్డులోకి మార్చాక, వెయిటింగు హాల్లో ఉన్న మెదక్ ఆవిడకు పళ్లు ఇచ్చి రమ్మని రమణను పంపాను. ఆ కుర్చీలో ఎవరో మగమనిషి ఉన్నాడట. లోపల ఆమె భర్త పడక మీద కొత్త దుప్పటి పరిచి ఉందట. ఇంటికి తీసుకువెళ్లారో, ఇంకేమైనా జరిగిందో చెప్పేవాళ్లు లేరు. నేను ఆమె పేరైనా అడగలేదు.

ఫిబ్రవరి

ఇంటికి వచ్చాక నిశ్శబ్దానికి అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. ఉన్నట్టుండి పని మధ్యలో ఆగి వినేదాన్ని. రమణ అది కనిపెట్టి, చేతిలో పని వదిలి నా వంక చూసేవారు. తల అడ్డంగా ఊపితే మళ్లీ పనిలో పడేవారు. మా ఇద్దరికీ దాని గురించి మాట్లాడుకోవడం రాలేదు. ఈ తల ఊపడమే మా మాట అయింది. పనిలో మళ్లీ చేరాను. స్వరూప చెప్పినట్టే నా సీటు ఖాళీగా ఉంచింది.

ఇది చదివేవారిలో ఎవరికైనా నాడితో కలిసి కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంటే ఒక్కటే చెబుతాను. అందరికీ ఇదే జబ్బు కానక్కర్లేదు, చాలామందికి కాదు కూడా. కానీ చెవి వెనక స్టెతస్కోపు పెట్టి వినమని డాక్టరును అడగండి. మొహమాటపడకండి. పక్కనున్నవాళ్లు కూడా, అలాంటి చప్పుడేమీ లేదని తేల్చేముందు, ఒకసారి దగ్గరికి వెళ్లి వినండి. మా ఇంట్లో అలా విన్నవాళ్లు ఇద్దరే, ఏడేళ్ల పిల్లా, ఒక చెవి పోయిన ముసలాయనా.

జూన్

అడ్డదారి పూర్తిగా మూసుకుందో లేదో చూడటానికి మళ్లీ అదే పరీక్ష. అదే చల్లని గది. తెర నాకు కనిపించేలా తిప్పమని అడిగితే డాక్టరు తిప్పించారు.

ముఖం మీద వేడి పాకింది. తెరమీద నల్లటి ధమని లేచి, చీలి, మళ్లీ చీలి, కొమ్మలై రెమ్మలై సన్నబడింది. నేను చెవి వెనక చోటు కోసం చూస్తున్నాను. కిందటిసారి ధమని నల్లబడిన క్షణంలోనే అక్కడ సిర కూడా ఉబ్బిపోయింది. ఈసారి అక్కడేమీ రాలేదు.

ఆ తరువాత కొమ్మలు కూడా చెరిగిపోయాయి. తెర మొత్తం బూడిదరంగు పొగలా మిగిలింది. అందులో ఒక్క గీత లేదు. ఒక క్షణం, రెండు క్షణాలు.

"ఎటు పోయిందండీ?" అన్నాను, మాట్లాడొద్దన్నా ఆగలేక.

"ఎక్కడికీ పోలేదమ్మా," అన్నారు డాక్టరు తెరమీంచి కళ్లు తిప్పకుండా. "ఈ మిషను చూడలేనంత సన్నటి దారుల్లో ఉంది. మీ మెదడుకు అన్నం పెట్టేది ఇప్పుడే. కిందటిసారి అక్కడ ఈ ఆలస్యమే లేదు. చూస్తుండండి."

చూస్తున్నాను. పొగలో ముందు ఒక మూల సన్నని గీత తేలింది. తరువాత ఇంకొకటి. ఆ సిరలు తొందర లేకుండా ఒకదానితో ఒకటి కలిసి, దళసరై, కిందికి, గుండె వైపు దిగడం మొదలుపెట్టాయి.